చూడని చిత్రానికి జోస్యం

ప్రతి సంవత్సరం జనవరి మాసం వచ్చేసరికి అమెరికా దేశపు హాలీవుడ్‌లో ఆస్కార్ బహుమతుల సందడి ఆరంభమవుతుంది. ఏది ఉత్తమ చిత్రమవుతుంది, ఏ నటునికి, ఏ నటీమణికి ఆ బంగారు పూత బొమ్మ దక్కుతుంది అని పత్రికలు జోస్యాలు ప్రకటిస్తాయి. కార్యాలయాలలో గుమాస్తాలు, కళాశాలలలో విద్యార్థులు జాబితాలు పూరించి తలా కొంత పందెం కాస్తారు. ఈ వేడుక సముద్రాలు దాటి మన దాకా కూడా వచ్చింది. పరీక్షల తేదీలు ఎరుగనివారు సైతం ఆస్కార్ తేదీని ఎరుగుదురు. మేమూ ఆ కాలంలో టీ కొట్టు వద్ద కూర్చుండి కాగితంపై పేర్లు వ్రాసుకునే వారిలోనివారమే. అయితే ఈ ఆటలో ఒక విచిత్రమున్నది. పేర్లు వ్రాసేవారిలో చాలామంది ఆ చిత్రాలను చూసి ఉండరు. కొన్ని మన ఊళ్ళ థియేటర్లకు రానే రావు. వచ్చినవి వారం తిరగకుండానే వెళ్ళిపోతాయి. ఫోనులో లభించేవాటికి చందా కట్టాలి. అయినప్పటికీ చూడనివారి జోస్యం తరచు నిజమవుతుంది. పది చిత్రాలూ శ్రద్ధగా చూసి, మనసుకు నచ్చినదానికి గుర్తు పెట్టినవాడు ఓడిపోవటం, ఒక్కటీ చూడనివాడు పందెం సొమ్ము జేబులో వేసుకొని పోవటం కూడా కద్దు.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత ఇక్కడ చక్కగా అతుకుతుందని పెద్దలు నవ్వవచ్చు. కాని సోమలింగం నిజంగానే పుట్టి, ఏటేటా ఆ పేరే పెట్టించుకుంటూ ఉంటే సామెతను పక్కన పెట్టి కారణం విచారించవలసి ఉంటుంది. చూడకుండా చెప్పిన మాట ఎందుకు నిజమవుతున్నది? అది నిజం కావటంలో ఎవరికైనా నష్టమున్నదా? ఈ రెండు ప్రశ్నలనే ఈ వ్యాసంలో తీసుకుంటున్నాం. మొదటి ప్రశ్న వినోదం కోసం. రెండవది అలా కాదు.

ముందుగా ఒక చిన్న చరిత్ర. ఆస్కార్ బహుమతుల తొలి సభ 1929 మే 16వ తేదీన రూజ్‌వెల్ట్ హోటలులో విందు రూపంలో జరిగింది. బహుమతుల ప్రదానం పదిహేను నిమిషాలలో ముగిసిందట. ఆనాడు ఉత్కంఠకు తావే లేదు. ఏలనగా విజేతల పేర్లు మూడు మాసాల ముందే ప్రకటించారు. ఆ తరువాత కొన్ని సంవత్సరాలు పేర్లను ముందుగా పత్రికలకు ఇచ్చి, సభ జరిగే రాత్రి దాకా అచ్చు వేయవద్దని కోరేవారు. 1940లో లాస్ ఏంజెలిస్ టైమ్స్ పత్రిక ఆ కట్టుబాటును తప్పి సాయంకాలపు కూర్పులోనే పేర్లు అచ్చు వేసింది. విందుకు వస్తున్న అతిథులు దారిలో పత్రిక కొనుక్కొని, తమకు బహుమతి వచ్చినదీ రానిదీ చదువుకుంటూ లోపలికి వెళ్ళారు. ఆ మరుసటి ఏడు, అనగా 1941 నుండి ముద్ర వేసిన కవర్లు వచ్చాయి. నేడు ప్రపంచమంతా ఆడుతున్న జోస్యపు ఆట ఆ కవరులో నుండి పుట్టినదే. రహస్యం లేనిచోట జోస్యానికి పని లేదు కదా!

ఇక చూడకుండా చెప్పే విద్య సంగతి. అన్నం ఉడికినదో లేదో తెలియటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు. ఆస్కార్ జోస్యుడు ఆ ఒక్క మెతుకూ పట్టడు. వంట శాల వైపు పోనే పోడు. అతడు చూసేది పంక్తిలో కూర్చున్నవారిని. వీరు ఎవరు, ఎంత వయస్సువారు, నిన్న ఏ ఇంట విందు ఆరగించి ఏ వంటకాన్ని మెచ్చుకున్నారు అని లెక్కలు తీస్తాడు. ఓటు వేసేవారు సుమారు పదివేల మంది. వీరంతా చిత్ర పరిశ్రమలో పని చేసేవారే. వీరిలో చాలామంది దర్శకుల సంఘంలోనో, నటుల సంఘంలోనో, నిర్మాతల సంఘంలోనో కూడా సభ్యులు. ఈ సంఘాలు ఆస్కార్‌కు ముందే తమ తమ బహుమతులు ఇస్తాయి. వారం ముందు ఒక సభలో చేయి ఎత్తినవాడు వారం తరువాత మరొక సభలో అదే పేరుకు చేయి ఎత్తుతాడని చెప్పటానికి దివ్యదృష్టి అక్కరలేదు. దర్శకుల సంఘం 1940ల చివర బహుమతి ఇవ్వటం మొదలుపెట్టింది. అప్పటి నుండి 2025 వరకు ఆ సంఘం ఎన్నుకున్న దర్శకునికి ఆస్కార్ రాని సందర్భాలు ఎనిమిది మాత్రమే. డెబ్బై అయిదేళ్ళకు పైబడిన కాలంలో ఎనిమిది! ఇంత నమ్మకంగా మన వాతావరణ శాఖవారు కూడా రేపటి వానను చెప్పలేరు. ఈ ఒక్క లెక్క తెలిసినవాడు దర్శకుని పేరు ముందు గుర్తు పెట్టటానికి టిక్కెట్టు కొననక్కరలేదు.

ఇట్టి ఆనవాళ్ళు ఇంకా ఉన్నాయి. కూర్పు శాఖలో, అనగా ఎడిటింగులో, పరిశీలనకు ఎంపిక కాని చిత్రం ఉత్తమ చిత్రంగా గెలవటం 1982 మొదలు 2014 వరకు జరగలేదు. 2015 సభలో 'బర్డ్‌మాన్' ఆ గొలుసును తెంచింది. దర్శకుడు ఎంపిక కాని చిత్రం గెలవటం కూడా అరుదే, కాని 2013లో 'ఆర్గో', 2019లో 'గ్రీన్ బుక్', 2022లో 'కోడా' అలా గెలిచాయి. జోస్యులు ఇటువంటివన్నీ పంచాంగకర్తల వలె పట్టికలు కట్టుకుంటారు. విద్వాంసులు సైతం దీనిని చిన్నచూపు చూడలేదు. ఐయాన్ పార్డో, డీన్ సైమన్‌టన్ అనే ఇద్దరు ఆచార్యులు ఈ ఎన్నికలను ముందుగా లెక్కగట్టే పద్ధతిపై ఒక గణాంక శాస్త్ర పత్రికలో వ్యాసం ప్రకటించారు.

అమెరికా ఎన్నికల ఫలితాలు ముందుగా చెప్పి పేరు పొందిన నేట్ సిల్వర్ 2009లో ఆస్కార్‌కు కూడా లెక్క కట్టాడు. ఆ సంవత్సరం మనకు మరపురానిది. ముంబయి కథతో తీసిన 'స్లమ్‌డాగ్ మిలియనీర్' ఎనిమిది బహుమతులు పొందింది. ఏ.ఆర్. రహమాన్, రసూల్ పూకుట్టి, మన ఉర్దూ కవి గుల్జార్ విజేతలయ్యారు. సిల్వర్ ఆరు బహుమతులకు జోస్యం చెప్పి నాలుగింటిని సరిగా చెప్పాడు, రెండింట తప్పాడు. మిక్కీ రూర్క్ వస్తాడన్న చోట షాన్ పెన్, టరాజీ హెన్సన్ వస్తుందన్న చోట పెనెలొపె క్రూజ్ వచ్చారు. తప్పిన విధం గమనించదగినది. సహాయ నటి బహుమతులను ముందరి సభలలో 'ది రీడర్' చిత్రానికిగాను కేట్ విన్స్‌లెట్ గెలుచుకున్నది. ఆస్కార్‌లో మాత్రం ఆమెను ప్రధాన నటి శాఖలోకి మార్చారు. దానితో సహాయ నటి శాఖకు ముందరి ఆనవాళ్ళు తక్కువయ్యాయి. లెక్కకు ఆధారం తప్పింది. తెరపై ఎవరు ఎట్లా నటించారన్న ప్రశ్న ఆ లెక్కలో గెలుపు వద్దా లేదు, ఓటమి వద్దా లేదు.

పంక్తిలో కూర్చున్నవారు మారినప్పుడు జోస్యుని విద్య ఏమవుతుందో 2020లో తేటపడింది. 2012లో లాస్ ఏంజెలిస్ టైమ్స్ పత్రిక చేసిన పరిశీలనలో ఆస్కార్ ఓటర్లలో సుమారు 94 శాతం శ్వేతజాతీయులని, 77 శాతం పురుషులని, మధ్యస్థ వయస్సు 62 సంవత్సరాలని తేలింది. 2015లో, 2016లో వరుసగా రెండేళ్ళు నటనకు ఎంపికైన ఇరవై మందీ శ్వేతజాతీయులే కావటంతో అలజడి చెలరేగింది. అకాడమీ అప్పుడు స్త్రీలను, ఇతర జాతులవారిని, ఇతర దేశాలవారిని పెద్ద సంఖ్యలో చేర్చుకోసాగింది. 2020 ఫిబ్రవరి నాటికి నిర్మాతల సంఘం, దర్శకుల సంఘం, బ్రిటిష్ అకాడమీ అన్నీ '1917' అనే యుద్ధ చిత్రాన్నే ఎన్నుకొని ఉన్నాయి. పాత పంచాంగం ప్రకారం గెలుపు దానిదే. గెలిచింది కొరియా చిత్రం 'పారసైట్'. ఆంగ్లేతర భాషా చిత్రం ఉత్తమ చిత్రమవటం అదే ప్రథమం. దర్శకుల సంఘం మాట తప్పిన ఎనిమిది సందర్భాలలో అది ఒకటి. పంక్తిలో కొత్తవారు కూర్చున్నారు. పాతవారి నాలుకల లెక్క వారికి పనికిరాలేదు.

ఓట్ల లెక్కింపులో కూడా ఒక మడత ఉన్నది. తక్కిన బహుమతులన్నింటికీ ఎక్కువ ఓట్లు వచ్చినవారే విజేత. ఉత్తమ చిత్రానికి మాత్రం 2010 సభ నుండి వేరు పద్ధతి. సభ్యుడు చిత్రాలను తన ఇష్టానుసారం ఒకటి, రెండు, మూడు అని వరుసలో పెడతాడు. మొదటి స్థానాలు అతి తక్కువగా వచ్చినదాన్ని తొలగించి, దానికి వేసినవారి ఓట్లను వారి తరువాతి ఇష్టానికి మారుస్తారు. ఏదో ఒకదానికి సగానికి మించి వచ్చే వరకు ఇలాగే సాగుతుంది. కొందరు ప్రాణప్రదంగా ప్రేమించి, కొందరు ముఖం తిప్పుకునే చిత్రం ఈ పద్ధతిలో నిలవటం కష్టం. అందరూ ఒక మాదిరిగా మెచ్చుకునేది నిలుస్తుంది. 2017లో నిర్మాతల, దర్శకుల సంఘాలు రెండింటినీ గెలిచి, పద్నాలుగు శాఖలలో ఎంపికైన 'లా లా లాండ్' ఉత్తమ చిత్రంగా ఓడిపోయింది. వేదికపై కవరు తారుమారై ముందు దాని పేరే చదవటం, నిర్మాతలు కృతజ్ఞతలు చెబుతుండగానే పొరపాటు తెలిసి 'మూన్‌లైట్' వారిని పిలవటం లోకమంతా చూసింది. ఆ రాత్రి పొరపాటు కవరుదే. పేరు విన్నవారెవరికీ అనుమానం రాకపోవటానికి మాత్రం జోస్యాలే కారణమని మా అభిప్రాయం.

పరదేశం సంగతి ఎందుకు, మన జోస్యాలు చూద్దాం. 2002లో 'లగాన్' పరదేశ భాషా చిత్రాల శాఖలో ఎంపికైనప్పుడు, 1958లో 'మదర్ ఇండియా'కు తప్పిన బహుమతి ఈసారి తప్పక వస్తుందని దేశంలో ఎందరు చెప్పలేదు! వారిలో పోటీలోని తక్కిన నాలుగు చిత్రాలను చూసినవారు ఎందరు? బహుమతి బోస్నియా చిత్రం 'నో మాన్స్ లాండ్'కు పోయింది. అది అంతకు ముందే జనవరిలో గోల్డెన్ గ్లోబ్ గెలిచి ఉన్నది. ఆ ఒక్క సంగతి పరిశీలించినవాడు చిత్రం చూడకుండానే సరిగా చెప్పి ఉండేవాడు. మనవారు చిత్రాన్నీ చూడలేదు, లెక్కనూ చూడలేదు. దేశాభిమానంతో చెప్పారు. అభిమానం మంచిదే గాని, అది జోస్యమూ కాదు, విమర్శా కాదు.

2023 మార్చి 12న 'నాటు నాటు' పాటకు బహుమతి వచ్చిననాడు తెలుగువారింట పండుగ. కీరవాణి స్వరానికి, చంద్రబోస్ సాహిత్యానికి దక్కిన గౌరవం చూసి మేమూ గంతులు వేసినవారమే. ఈసారి లెక్క కూడా మన పక్షాన ఉన్నది. జనవరిలోనే గోల్డెన్ గ్లోబ్, క్రిటిక్స్ చాయిస్ రెండూ వచ్చి ఉన్నాయి. కాని ఆ ఉత్సాహం చల్లారిన తరువాత మేము ఒకరినొకరం అడిగి చూసుకున్నాం: పోటీలోని తక్కిన నాలుగు పాటలను ఎవరైనా విన్నారా? లేడీ గాగా పాట, రిహానా పాట కొందరికి తెలుసు. 'టెల్ ఇట్ లైక్ ఎ ఉమన్' అనే చిత్రంలోని పాటను వ్రాసిన డయాన్ వారెన్ ఎన్నోమార్లు ఎంపికై ఒక్కమారు కూడా పోటీలో గెలవని రచయిత్రి అన్న సంగతి తెలిసినవారు అరుదు. ఆమె పాట విన్నవారు మాలో లేరు. అదే రాత్రి ముదుమలై అడవుల ఏనుగు పిల్లల కథ 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' లఘు డాక్యుమెంటరీగా గెలిచింది. దాన్ని చూడకుండానే దానికీ చప్పట్లు కొట్టాం. చప్పట్లకు తప్పు లేదు. ఓటు మన చేతిలో లేదు గనుక మన అజ్ఞానం వల్ల ఎవరికీ అన్యాయం జరగలేదు.

ఓటు చేతిలో ఉన్నవాడు కూడా మనవలెనే ఉంటే?

'ట్వెల్వ్ ఇయర్స్ ఎ స్లేవ్' బానిసత్వపు క్రూరత్వాన్ని చూపిన చిత్రం. 2014లో ఉత్తమ చిత్రంగా ఎన్నికైంది. ఆ తరువాత లాస్ ఏంజెలిస్ టైమ్స్ ఒక విషయం వెల్లడించింది. ఇద్దరు ఓటర్లు ఆ చిత్రం మనసును కలచివేస్తుందని భయపడి చూడలేదట. అయినా, సామాజిక ప్రాధాన్యం గల చిత్రం గనుక వేయటం తమ విధి అనుకొని దానికే ఓటు వేశామని ఏకాంతంగా చెప్పారట. చిత్రం ఆ ఇద్దరి ఓట్లతోనే గెలిచిందని మేము అనటం లేదు. అది గొప్ప చిత్రం కాదని అసలే అనటం లేదు. కాని మానవుని బాధను కళ్ళార చూడమని ఒక కళాకారుడు అంత శ్రమపడి తీస్తే, చూడకుండా బహుమతి చేతిలో పెట్టి పంపటం సత్కారమా? ఇంటికి వచ్చిన బాధితుని మాట వినకుండా పది రూపాయలు విసిరి తలుపు వేసుకున్నట్టున్నది. తిరస్కారానికైనా ఒక గౌరవమున్నది: చూసి, నచ్చలేదని చెప్పినవాడు కనీసం చూశాడు.

ఇక్కడే జోస్యుడు, ఓటరు ఒకరి పనిని ఒకరు చేయటం మొదలవుతుంది. పది చిత్రాలు చూసే తీరిక లేని ఓటరు పత్రికలో జోస్యం చదువుతాడు. అందరూ ఫలానా చిత్రమంటున్నారు గదా అని దానికే గుర్తు పెడతాడు. జోస్యం ఫలించిందని జోస్యుడు మురిసిపోతాడు. నిర్మాతలకు ఈ కిటుకు బాగా తెలుసు. అందువల్లనే చిత్రం తీసిన తరువాత ప్రకటనలకు, విందులకు, ప్రత్యేక ప్రదర్శనలకు ధనం కుమ్మరిస్తారు. 1999లో 'సేవింగ్ ప్రైవేట్ రయాన్' దర్శకుడు స్పీల్‌బర్గ్‌కు బహుమతి వచ్చినా ఉత్తమ చిత్రం 'షేక్స్‌పియర్ ఇన్ లవ్'కు పోవటం అటువంటి ప్రచార ఫలితమేనని నేటికీ చెప్పుకుంటారు. గెలవగలదన్న పేరు తెచ్చుకోవటమే గెలుపుకు సగం దారి. ఆ పేరును కొనుక్కోలేని చిన్న చిత్రానికి ఉన్న ఒకే ఒక్క ఆశ్రయం, ఓటరు దాన్ని చూడటం. చూస్తే మనసు మారవచ్చు. చూడకపోతే దాని పక్షాన మాట్లాడేవారు ఇక ఎవరూ లేరు. కనుక ఎన్నిక ఎంత సులభంగా జోస్యానికి లొంగితే, తీర్పరులు ఎంతవరకు చూశారన్న అనుమానం అంత బలపడుతుంది.

అకాడమీవారికి కూడా ఈ అనుమానం కలిగినట్టున్నది. ఒక శాఖలో ఓటు వేయాలంటే ఆ శాఖలో ఎంపికైన చిత్రాలన్నీ చూసి తీరాలని 2025 ఏప్రిల్‌లో నిబంధన చేశారు. 2026 సభ నుండి అది అమలులోకి వచ్చింది. అకాడమీవారి స్వంత ప్రదర్శన సాధనం ద్వారా చూస్తే ఆ లెక్క దానంతటదే నమోదవుతుంది. బయట చిత్రోత్సవంలోనో థియేటరులోనో చూసినవారు ఎప్పుడు, ఎక్కడ చూశారో ఒక పత్రంలో వ్రాసి ఇవ్వాలి. అంతకు మునుపు చాలా శాఖలలో అది సభ్యుని మనస్సాక్షికి వదిలినదే. తొలి సభ జరిగిన తొంబై ఏళ్ళకు పైబడిన తరువాత, తీర్పు చెప్పేవాడు ముందు చూడాలన్న మాట అన్ని శాఖలకూ వ్రాతలోకి వచ్చింది! చిత్రం నడుస్తుండగా ఓటరు నిద్రపోవచ్చు, ఇంకో గదిలో భోజనం చేయవచ్చు. పత్రంలో అబద్ధం వ్రాయవచ్చు. నిజమే. హాజరు పట్టీలో పలికి వెనుక ద్వారం నుండి జారుకునే విద్య మా తోటివారికి కొత్తది కాదు. అయినా హాజరు పట్టీ అక్కరలేదని ఏ ప్రిన్సిపాలుగారూ అనలేదు.

పదివేల మందిని కూర్చుండబెట్టి చూపించటం అసాధ్యం గనుక మన జాతీయ చలనచిత్ర పురస్కారాల వలె కొద్దిమంది జ్యూరీని పెట్టటమే మేలని కొందరంటారు. 1954లో ఆరంభమైన ఆ పురస్కారాలకు జ్యూరీ ఏటేటా మారుతుంది, సభ్యులు ఒకచోట చేరి చిత్రాలు చూసి చర్చించుకుంటారు. దానిపై వచ్చే ఆరోపణలు వేరు రకం: పక్షపాతమని, ప్రాంతాభిమానమని. వాటి జోలికి ఇప్పుడు పోము. మన చర్చకు కావలసినది ఒక్కటే. ఆ ఫలితాలపై జోస్యం చెప్పి పందెం గెలవటం బహు కష్టం. 2023 ఆగస్టులో అల్లు అర్జున్ ఉత్తమ నటుడుగా ఎన్నికై తెలుగు నటులలో ఆ గౌరవం పొందిన ప్రథముడైనప్పుడు, ఆ పేరును ముందుగా సూచించే సంఘాల బహుమతుల వరుస ఏదీ లేదు. కొద్దిమంది కూర్చుండి మాట్లాడుకుంటే ఒకరి మాటకు ఇంకొకరి మనసు మారుతుంది. మారే మనసును ఏ పట్టిక పట్టుకోగలదు?

విద్యార్థి మిత్రులకు ఈ విషయం మనకెందుకన్న సందేహం కలగవచ్చు. మనం హాలీవుడ్ ఓటర్లం కాము గాని, చూడకుండా తీర్పు చెప్పే అలవాటులో వారికి తీసిపోము. పరీక్ష ముందు గెస్ పేపరు కొనటం ఈ విద్య కాక మరేమిటి? పాఠ్య పుస్తకం వైపు పోకుండా, ప్రశ్న పత్రం కూర్చేవారి అలవాట్లు లెక్కగట్టి, పోయిన ఏడు రానిది ఈ ఏడు వస్తుందని ఇరవై ప్రశ్నలు కంఠస్థం చేయటం అచ్చంగా ఆస్కార్ జోస్యుని పద్ధతి. మార్కులు కూడా వస్తాయి. దాన్ని మేము తిట్టటం లేదు, తిట్టే అర్హత మా బల్లపై ఉన్న పుస్తకాలను చూస్తే మాకు లేదు. కాని గెస్ పేపరుతో నెగ్గినవాడు ఆ నాటకం బాగున్నదని గాని, ఆ కవి గొప్పవాడు కాడని గాని మాట్లాడరాదు. మాట్లాడుతున్నాడు. అక్కడ వచ్చింది చిక్కు. అలాగే శుక్రవారం ఉదయం ఆట విశ్రాంతి వరకైనా నడవక ముందే చిత్రం 'పోయింది' అని ఫోనులో లోకానికి చాటేవాడు జోస్యుడు కాడు, ఓటరే. అతని మాట విని సాయంకాలం ఆటకు పోనివారున్నారు. కొత్త దర్శకుడు అప్పు చేసి తీసిన చిత్రం ఆదివారానికి థియేటరు నుండి లేచిపోతుంది.

ఇక ఈ సంచిక చేతిలో పట్టుకున్నవారికి దగ్గరి సంగతి ఒకటి చెప్పి విరమిస్తాం. మన వార్షిక సంచిక రెండు వైపుల నుండి తెరుచుకుంటుంది. కుడి నుండి ఉర్దూ, ఎడమ నుండి తెలుగు. మధ్యలో రెండు లిపులూ ఎదురుపడేచోట కళాశాల ఛాయాచిత్రాలు. తెలుగు విద్యార్థి ఆ ఛాయాచిత్రాల దాకా వచ్చి ఆగిపోతాడు. ఉర్దూ విద్యార్థి అటు నుండి వచ్చి అక్కడే ఆగిపోతాడు. అయితే సంచికలోని ఉత్తమ రచనకు బహుమతి ఒక్కటే. నిర్ణయించే పెద్దలలో రెండు లిపులూ చదవగలవారు ఒకరిద్దరే ఉంటారు. తక్కినవారు సగం సంచికను చూడకుండా ఓటు వేస్తున్నారన్నది వారి తప్పు కాదు, ఏర్పాటు అలా ఉన్నది. ఒక ఏడు అటు, ఒక ఏడు ఇటు అన్న వరుస నడుస్తున్నదని, కనుక ఈ ఏడు బహుమతి ఏ వైపుకు పోతుందో రచనలు చదవకుండానే చెప్పవచ్చునని హాస్టలు గదులలో ఇప్పటికే పందేలు కాస్తున్నారు. ఆ జోస్యం ఫలించినా, రచన వ్రాసిన విద్యార్థికి అందులో సంతోషించవలసినది ఏమున్నది? తన వంతు వచ్చింది, అంతే.

కమిటీవారికి మా విన్నపం స్వల్పం. బహుమతి నిర్ణయించే రోజున తుది వడపోతకు నిలిచిన రచనలను, మూడు అటువి, మూడు ఇటువి, బిగ్గరగా చదివించండి. ఉర్దూ కథను చదివిన తరువాత దాని సారాంశం తెలుగులో చెప్పటానికి, తెలుగు వ్యాసాన్ని ఉర్దూలో వినిపించటానికి రెండు భాషలు తెలిసిన విద్యార్థులు ఈ కళాశాలలో కావలసినంతమంది ఉన్నారు. రెండు గంటల పని. వినని సభ్యుడు ఆ రోజుకు ఓటు మానుకోవాలి. గ్రంథాలయంలో పెద్ద బల్ల శనివారం మధ్యాహ్నం ఖాళీగానే ఉంటుంది. చదవటానికి మాలో నలుగురం పేర్లు ఇచ్చి ఉన్నాం.